సత్యవతి అత్తయ్య గారి పెరడు

ఈ ఉదయం మా వీధి చివర, కాలవగట్టు మీద పొదలు నరుకుతున్నారు. పక్కనుంచి నడిచిపోతుంటే వావిలాకు వాసన గుప్పుమంది. ఘాటుగా, కాస్త చేదుగా ఉండే వాసన. మా కాలంలో బాలింతకి స్నానం పోస్తున్నారంటే నాలుగిళ్ళ అవతలికి ఆ వాసనే కబురు చెప్పేది. కూరలకని బయల్దేరినదాన్ని ఒట్టి సంచితో ఇంటికొచ్చి కూలబడ్డాను. సత్యవతి అత్తయ్య గారు పోయి ఇన్నేళ్ళయినా నాకిదే వరస.

భీమవరం దగ్గర మా ఊళ్ళో ఆవిడది మా పక్కిల్లు. చుట్టరికం లేదు, పిలుపే. పిల్లల్లేరు, పెరడే ఆవిడ సంసారం. ఆదివారం వస్తే నా తలంటు ఆవిడ చేతుల మీదే జరగాలి. కుంకుడు పులుసులో మందారాకులు నలిపి, ఆ జిగురంతా జుట్టుకి పట్టించి, పుర్రె కదిలిపోయేలా రుద్దేవారు. "కళ్ళు మూసుకోవే. మండాక నా మీద పడి ఏడవకు," అనేవారు. తల ఆరాక గుంటగలగరాకు వేసి కాచిన నూనె, జడలో ఇంత మరువం. జలుబు చేస్తే వామాకు కషాయం, పసివాళ్ళకి కడుపు నొప్పొస్తే ఆముదం రాసి వెచ్చచేసిన తమలపాకు. ఊళ్ళో ఎవరు పురుడు పోసుకున్నా వావిలాకు ఆ పెరట్లోంచే వెళ్ళేది. ఒకటే పట్టింపు, మొక్కని ముట్టుకుని అడిగాకే కోయాలి. "అడక్కుండా ఎవరైనా నీ జుట్టు పీకితే ఊరుకుంటావా ఏంటి?" అనేవారు. నాకు నవ్వొచ్చేది, అయినా అడిగేదాన్ని.

తొంభైల్లో మా వైపు రొయ్యల పిచ్చి పట్టుకుంది. బంగారంలాంటి వరిచేలు తవ్వి చెరువులు చేసి ఉప్పునీళ్ళు నింపారు. అత్తయ్య గారి భర్తని నేను మావయ్య గారనేదాన్ని. ఆయన కూడా ఇంటి వెనక చేను తవ్వించారు. చెడ్డమనిషి కాదు, అందరూ చేస్తున్నారని చేశారు. "పెరటికి మరీ దగ్గరైపోయిందేమోనండి," అన్నారావిడ. "గట్టు గట్టిగా వేయించాను కదా," అన్నారాయన. అంతటితో ఆ మాట అయిపోయింది.

మరుసటేడు చలి తగ్గేసరికి మరువం ఎండిపోయింది. ఆ తరవాత మందారాకుల అంచులు మాడడం మొదలైంది. "నీళ్ళు చాలట్లేదు పాపం," అని అత్తయ్య గారు పొద్దునా సాయంత్రం నూతినీళ్ళు తోడి పోశారు. పోసినకొద్దీ ఆకులు రాలాయి, రాలినకొద్దీ ఇంకా పోశారు. మా వీధిలో తాగడానికీ స్నానాలకీ కుళాయి నీళ్ళే. నూతినీళ్ళు మొక్కలకీ గిన్నెలకీ తప్ప ఎవరి నోట్లోకీ వెళ్ళవు.

ఒక ఆదివారం కుళాయి రాలేదు. నూతినీళ్ళతోనే తలంటుతున్నారు. నీళ్ళు కారి నా పెదాల మీదకొచ్చాయి.

"అత్తయ్య గారూ, ఈ నీళ్ళు ఉప్పగా ఉన్నాయండి."

ఆవిడ చెంబు దించి, దోసిట్లో నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకున్నారు. ఉమ్మేసి, మళ్ళీ తీసుకున్నారు. తరవాత తడిచేతుల్తో వెళ్ళి మందార మొదట్లో కూర్చున్నారు. "నా చేత్తో నేనే పోశానే," అన్నారు. "దాహమేస్తోందనుకున్నాను." నా కళ్ళు కుంకుడు పులుసుకి మండిపోతున్నాయి. కడుక్కోవాలని కూడా తోచలేదు.

మావయ్య గారు సైకిలుకి బిందెలు కట్టుకుని కాలవనీళ్ళు మోశారు. తలొంచుకుని వెళ్ళేవారు, తలొంచుకుని వచ్చేవారు. ఎండలు ముదిరాక కాలవ కట్టేశారు. పెరట్లో మట్టి మీద తెల్లగా ఉప్పు పొంగింది. "ఇంక తిరక్కండి. పోయినవాటికి స్నానం పోసినట్టుంది," అన్నారు అత్తయ్య గారు. వావిలి అన్నిటికంటే ఆఖర్న పోయింది. తెగులొచ్చి రొయ్యలూ పోయాయి. ఉప్పు మాత్రం మా ఊరికి మిగిలింది, దాని దుంపతెగ.

నేను పురిటికి పుట్టింటికొచ్చినప్పుడు ఆవిడ గుమ్మం దాకా వచ్చారు. "నీకు నేనే పోయాలనుకున్నానే. ఒట్టి వేణ్ణీళ్ళు ఏ మొహం పెట్టుకుని పోయను," అని లోపలికి రాకుండానే వెళ్ళిపోయారు. అప్పటినుంచి వీధి తలుపు పగలు కూడా వేసే ఉంచేవారు, ఎవరైనా ఆకు కోసం వస్తారేమోనని. ఎవరొస్తారు? అందరిళ్ళలోనూ షాంపూ పొట్లాలు వేలాడుతున్నాయి. ఆ సంగతి ఆవిడకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

తరవాత కొన్నేళ్ళకి ఆవిడ మంచాన పడ్డారు. ఆఖరి మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. ఊపిరి అందడం లేదు. "తులసి తీర్థం పొయ్యండమ్మా," అన్నారెవరో. పెరట్లో తులసికోటలో ఎండుపుల్ల ఉంది. నేను వీధిలోకి పరిగెత్తాను. మా ఇంట్లో లేదు, ఎదురింట్లో లేదు, వీధి చివరి దాకా ఏ కోట చూసినా బీటలిచ్చిన మన్నే. వీధి వీధంతా ఉప్పెక్కిపోయింది. వెనక్కొచ్చేసరికి మావయ్య గారు ఉద్ధరిణితో ఒట్టి నీళ్ళు పట్టుకుని కూర్చున్నారు. నా చేతులకేసి చూసి, "దొరకలేదా అమ్మా?" అన్నారు. ఆ నీళ్ళే పోశారు. గొంతు దిగలేదు.

ఇప్పుడు రాజమండ్రిలో నా బాల్కనీ నిండా తులసే. గోదావరి నీళ్ళకి ఏపుగా పెరుగుతుంది. వచ్చినవాళ్ళు చూసి ముచ్చటపడతారు, మీ చెయ్యి మంచిదండీ అంటారు. నాకు మాత్రం దాన్ని చూస్తే ఏడుపొస్తుంది. ఇంత తులసి నేనేం చేసుకోను? ఆ మధ్యాహ్నం ఒక్క ఆకు దొరికితే చాలేది.