తూము పైన హాలు, వంటగది

నేను ఇళ్ల ప్లాన్లు గీస్తాను. కంకిపాడు సెంటర్‌కి కాస్త ఇవతల, జిరాక్సు షాపు పక్కన నా బల్ల. ముప్పై ఏళ్లలో ఎన్ని ఇళ్లు గీశానో గుర్తులేదు గానీ, పొలాలకి నీళ్లు పారే బోదె మీద ఇల్లు గీసింది మాత్రం ఒక్కసారే. ఆ అవసరం వచ్చింది కూడా నా తెలివి వల్లే.

మా వీధికి చేపలు తెచ్చే ఆవిడకి ప్రభుత్వం సెంటున్నర స్థలం ఇచ్చింది. అప్పటిదాకా ఆవిడా, వాళ్ల అత్తగారూ అద్దె గదుల్లోనే ఉన్నారు. ఏ గదిలోనూ ఏడాది నిండేది కాదు. చేపల వాసన వస్తోందని ఖాళీ చేయమనేవాళ్లు. ఒకసారి మా వెనక గది కూడా అడిగింది. చుట్టాలు వస్తున్నారమ్మా అని చెప్పాను. అలాంటి చుట్టాలెవరూ నాకు లేరు. ఆవిడ తెచ్చిన కొర్రమీనుతో పులుసు పెట్టించుకోవడానికి మాత్రం ఏనాడూ మొహమాటపడలేదు. అందుకే కాబోలు, స్థలం వచ్చిందని చెప్పగానే ప్లాను నేను ఊరికే గీసిస్తానన్నాను.

అప్పటికి చిన్న ఇళ్ల అనుమతులన్నీ సులభం చేసేశారు. ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు, వివరాలు ఎక్కిస్తే కంప్యూటరే అనుమతి ఇచ్చేస్తుందన్నారు. ఎక్కించాను. కంప్యూటరు ఆ స్థలంలో ఈ మూల నుంచి ఆ మూలకి ఒక నీలం గీత చూపించింది. ఇక్కడ పంట బోదె ఉంది, ఇరిగేషన్ వాళ్ల కాగితం జతచేయండి అంది. నేను స్వయంగా వెళ్లి చూశాను. బోదె లేదు. మా నాన్న కాలంలోనే పూడిపోయింది, దానిపైన లేఅవుట్ వాళ్లు మెరక మట్టి కూడా తోలారు. ఇటు చూస్తే, నెలాఖరులోగా పునాది ఫోటో ఎక్కించకపోతే స్థలం జాబితాలో తర్వాతివాళ్లకి వెళ్లిపోతుంది.

ఇరిగేషన్ ఇంజనీరు చాలా మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, టీ తెప్పించి మరీ చెప్పాడు.

"బోదె లేదని మేం ఇవ్వలేమండీ, రికార్డులో ఉంది కదా. పూడ్చారని అయితే ఇస్తాం. దానికి పూడ్చకముందు ఫోటో ఒకటి, పూడ్చాక ఫోటో ఒకటి కావాలండీ."

"అది పూడినప్పటికి మీరూ నేనూ పుట్టలేదండీ."

"నిజమేనండీ. కానీ రెండు ఫోటోలూ పెడితేగానీ ఫారం ముందుకి కదలదు."

నాకు ఒళ్లు మండింది. ఒళ్లు మండినప్పుడే నాకు గొప్ప ఆలోచనలు వస్తాయి. మా ఇంట్లో వాటికి భయపడతారు. తిన్నగా చేపలావిడ దగ్గరికి వెళ్లి, బోదె తవ్వుదాం, ఫోటో తీశాక పూడ్చేద్దాం అన్నాను.

"లేని బోదె తవ్వడమేంటండీ అన్నయ్యగారూ?"

"లేదని రుజువు చేయడానికమ్మా."

ఆవిడ పారలు తేవడానికి వెళ్లింది.

ఫోటో కోసమే కదా, ఏదో గాడి తీసి ఊరుకోవచ్చు. కానీ డెల్టాలో పుట్టినవాణ్ణి, బోదె అంటూ తవ్విస్తే వాలు చూడకుండా ఎలా తవ్విస్తాను? తాడు పట్టి, మట్టం చూసి, రెండడుగుల వెడల్పున గీత గీసినట్టు తవ్వించాను. సాయంత్రం దాన్ని చూసుకుని మురిసిపోయాను కూడా. కాలవలకి నీళ్లు వదిలి అప్పటికి వారమే అయింది. ఫోటో తీయడానికి ఇంజనీరు మూడు రోజుల్లో వస్తానన్నాడు.

మర్నాడు వెళ్లేసరికి బోదెలో నీళ్లు పారుతున్నాయి. ఎగువ పొలం రైతుని అడిగితే, "బోదె కనపడిందండీ, గట్టు కొట్టి నీళ్లు వదిలాను" అన్నాడు. దానికి వేరే కారణం ఏముంటుందన్నట్టు చూశాడు. ఆ మర్నాటికి దిగువ రైతు ఆ నీళ్లతో నారుమడి పోసేశాడు. మూడో రోజు ఇంజనీరుని వెంటబెట్టుకుని వెళ్తే, మా చేపలావిడ చీర ఎగ్గట్టి, మోకాళ్ల లోతు నీళ్లలో బుట్ట పెట్టి పరిగె చేపలు పడుతోంది.

"ఇంత చక్కగా పారే బోదెని ఈమధ్య చూడలేదండీ" అని ఇంజనీరు సంబరంగా ఫోటో తీశాడు.

పూడ్చడానికి మొదటి పార మట్టి ఎత్తామో లేదో, దిగువ రైతు వచ్చి బోదెలో అడ్డంగా నిలబడ్డాడు. "ఇవి మా తాతల నాటి నీళ్లండీ. పూడిస్తే నా నారు ఎండిపోద్ది."

"ఇది మొన్న మంగళవారం తవ్విందయ్యా!" అని అరిచాను.

"మంగళవారం తవ్వితే మాత్రం? రికార్డులో లేదా?"

ఇంజనీరు నేలచూపులు చూస్తూ, "ఉందండీ" అన్నాడు. పారే బోదె పూడ్చడానికి ఒప్పుకునే అధికారం తనకి లేదన్నాడు.

ఆవిడ గట్టు ఎక్కింది. బుట్టలో పరిగెలు ఇంకా ఎగురుతున్నాయి. "అయితే నా ఇల్లు పోయినట్టేనాండీ?" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంజనీరుకీ జాలేసినట్టుంది. "పూడ్చడానికి ఇవ్వలేను గానీ, నీళ్లు కింద నుంచి పోయేలా తూము వేసుకుంటామంటే ఇవాళే ఇచ్చేస్తానండీ" అన్నాడు.

"ఎంత పొడవు వేసుకోవచ్చండీ?"

"మీ ఇష్టమండీ. నీళ్లు ఆగకుండా పోతే చాలు."

తూము ఫారం ఒకటే పేజీ. చివరి గడిలో, తూము పైన నిర్మాణం ఏదైనా ఉంటే రాయమన్నారు. హాలు, వంటగది, పడకగది అని రాశాను. చదివి సంతకం పెట్టాడు. ఆ కాగితం ఎక్కించగానే కంప్యూటరు పచ్చగా మారి అనుమతి ఇచ్చేసింది. సిమెంటు గొట్టాలు దించి, పైన పునాది పోసి, నెల ఇంకా రెండు రోజులు ఉందనగా ఫోటో ఎక్కించాం. హౌసింగ్ వాళ్ల లెక్కలో అది ఇల్లు. ఇరిగేషన్ వాళ్ల లెక్కలో అది ఈ చుట్టుపక్కల అన్నిటికంటే పొడవైన తూము.

మొన్న జూన్‌లో అటు వెళ్లాను. కాలవ మీద తిరిగే లస్కరు వచ్చి, ఇంటికి ఇటు పక్కా అటు పక్కా వంగి చూసి, అడ్డంకి లేదని పుస్తకంలో రాసుకుంటున్నాడు. ఏటా వస్తాడట. అరుగు మీద ఉప్పుచేపలు ఆరబోసి ఉన్నాయి. అత్తగారు వాటి పక్కనే కూర్చుని కాకుల్ని తోలుతోంది. నాకెందుకో కోపం వచ్చేసింది. ఇంత అందమైన ఇల్లు గీస్తే దీన్ని తూము అని రాసుకుంటారా, మార్పించడానికి అర్జీ పెడదాం పదమ్మా అన్నాను.

"వద్దండీ అన్నయ్యగారూ, తూమనే ఉండనివ్వండి" అంటూ కాఫీ చేతికిచ్చింది. "వాసనొస్తోందని తూముని ఎవరూ ఖాళీ చేయమనరు కదండీ."

లస్కరు కాఫీ తాగి వెళ్లిపోయాడు. ఆవిడ చేపలు తిరగేస్తూ, ఏ ఎత్తిపొడుపూ లేకుండా అడిగింది.

"ఇంతకీ మీ వెనక గదిలోకి వస్తామన్న చుట్టాలు వచ్చారాండీ?"

"ఇంకా రాలేదమ్మా" అన్నాను.