మిల్ వీధి గొట్టం

పెన్సిల్వేనియాలోని ఆ చిన్న ఊరి నీటి సరఫరా ఆఫీసులో లొరెట్టా హన్సికర్, ఎమ్మెట్ క్రెస్గీ పాతికేళ్లు పక్కపక్క బల్లల దగ్గర పనిచేశారు. గొట్టాలను, పంపులను నడిపే ప్రోగ్రామ్ ఎమ్మెట్ రాసిందే. అందులో గొట్టానికి ఒక క్లాసు ఉండేది, అంటే అచ్చు. ఆ అచ్చులోంచి వీధికో ఆబ్జెక్టు పుట్టేది. అవన్నీ ఒకే నేమ్‌స్పేస్‌లో, ఒక కప్పు కింద ఉన్నట్టు ఉండేవి. కిందటి వసంతంలో ఎమ్మెట్ గుండెపోటుతో పోయాడు. ఈలోగా కొత్త గొట్టాలూ కొత్త ప్రోగ్రామూ వచ్చాయి. పాతదాన్ని తీసేసే పని లొరెట్టా మీద పడింది.

"క్లాసుని తీసేస్తే దాని ఆబ్జెక్టులన్నీ దాంతోపాటే పోతాయి కదా, ఒక్క దెబ్బకి అయిపోతుంది," అన్నాడు మేనేజరు కర్టిస్.

"పోతాయి నాయనా. కానీ ఒక్కొక్కదాన్నీ సాగనంపుతాను. ఎమ్మెట్ చేతి పని కదా."

కర్టిస్ కాఫీ తెచ్చి ఆమె పక్కన పెట్టి వెళ్లాడు.

లొరెట్టా ఒక్కో వీధి పేరు కొడుతూ పోయింది. ఏ ఆబ్జెక్టయినా పోయేముందు ఎమ్మెట్ రాసిన చివరి పని ఒకటి చేసేది: ఆ వీధి వాల్వు మూసి మరీ పోయేది. మిల్ వీధి మాత్రం పోనంది. తెరమీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి: "ఇంకా ఎవరో నీళ్లు వాడుతున్నారు. మూయను."

మిల్ వీధిలో ఇళ్లన్నీ ఖాళీ అని ఆఫీసు లెక్క. లొరెట్టా కోటు వేసుకుని బయల్దేరింది.

చివరి ఇంటి వంటగదిలో ముసలి విల్మర్ ఫెగ్లీ గిన్నెలు కడుగుతున్నాడు.

"మీరు కూతురి దగ్గరికి వెళ్లిపోయారన్నారే!"

"వెళ్లాను. దాని కాఫీ తాగలేక వచ్చేశాను. నీళ్లు ఆపేస్తావా ఏంటమ్మాయ్?"

అరవై దాటిన తనను అమ్మాయ్ అనేసరికి లొరెట్టాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లు చెమర్చాయి. "ఆపేసేదాన్నే. ఎమ్మెట్ ఆపనివ్వలేదు."

"మన క్రెస్గీయా? వాడు పోయాడుగా!"

"పోయాడు. అయినా మాట వినడు."

ఆ వారంలోనే విల్మర్ ఇంటికి కొత్త గొట్టం వేయించింది. పాత గొట్టంలో నీళ్లు ఆగాక మిల్ వీధి ఆబ్జెక్టును మళ్లీ తీసేయబోతే, ఈసారి నిమ్మళంగా వెళ్లిపోయింది. తర్వాత క్లాసు, ఆఖరున నేమ్‌స్పేస్. ఎమ్మెట్ పెట్టిన పేర్లలో ఒక్కటీ మిగల్లేదు.

"బాధగా ఉందా?" అడిగాడు కర్టిస్.

"ఉండదూ? పద, భోజనానికి పోదాం. ఇవాళ విల్మర్ చికెన్ పాట్‌పై పులుసు చేస్తానన్నాడు, నువ్వూ రా."