తిరగేసి చూడని వీడియో

సరిహద్దులో కొట్లాట మొదలైన రోజుల్లో మా చుట్టాల వాట్సాప్ గ్రూపులోకి ఒక వీడియో వచ్చింది. యుద్ధవిమానానికి బిగించిన కెమెరా తీసిందట. నలుపు తెలుపు బొమ్మ, మధ్యలో ప్లస్ గుర్తు. కింద ఒక రోడ్డు, పక్కన రేకుల షెడ్డు, షెడ్డు ముందు లారీ. చీమలంత మనుషులు లారీ దిగి ఉరుకుతుంటారు. తెల్లగా ఒక మెరుపు, తర్వాత అంతా పొగ. కింద ఎవరో "మనోళ్లు కొట్టిన్రు" అని రాసి జెండాలు పెట్టారు.

మా వదిన మగ్గం దిగి మరీ చూసింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు వాయుసేనలో విమానాలు రిపేరు చేసే పనిలో ఉన్నాడు. డ్యూటీ సరిహద్దు దగ్గరే. కొట్లాట మొదలైనప్పటి నుంచి వాడి ఫోన్ కలవడం లేదు. ముద్ద దిగని మనిషి, ఆ వీడియో చూశాక కంచం ముందు కూర్చుంది.

"నా కొడుకు నట్లు బిగించిన విమానమే అయ్యుంటది," అంటూ కాశిబుగ్గలో మా గల్లీ అంతటికీ చూపించింది. చూసినవాళ్ల చేతుల్లో చక్కెర పోసింది.

నాకేమో ఒళ్లు మండింది. ఇది ఎవరు పంపారు? వాళ్లకు ఎవరు పంపారు? సైన్యం కెమెరా బొమ్మలు మా గల్లీ దాకా ఎట్లా వస్తాయి? "గిది పోరగాండ్లు ఆడే గేమ్ అయ్యుంటది," అన్నాను.

"నీ నోట్లె మన్నువడ! నీకు అన్నిట్ల అనుమానమే," అని అన్న కసిరాడు.

ఆ అనుమానం నా ఒక్కడిదేనా? జంపఖానాలు నేసే ఇల్లు మాది. చేతికి ఏ బట్ట వచ్చినా ముందు తిరగేసి వెనకవైపు చూస్తాం. పెళ్లిలో పెట్టిన చీరను పెట్టినవాళ్ల ఎదుటే తిరగేసి, వాళ్లతో నానా మాటలూ పడ్డ మనిషి మా వదిన. అలాంటిది ఈ ఒక్కదాన్ని మాత్రం ఎటు చూపిస్తే అటే చూసింది.

మధ్యాహ్నం నేనొక్కడినే కూర్చుని ఆపి ఆపి చూశాను. ఉన్న మాట చెప్పాలంటే, మజాగానే ఉంది. ఉరికేవాడు ఎక్కడ తప్పించుకుంటాడోనని ఆ గుర్తుతోపాటు నా కళ్లూ వాడి వెంట పడ్డాయి. అప్పుడు షెడ్డు వెనక ఎత్తుగా నీళ్ల ట్యాంకు కనబడింది. మావాడు డ్యూటీలో చేరినప్పుడు అక్కడి నుంచి పంపిన ఫోటోలో వాడి వెనక అట్లాంటి ట్యాంకే ఉంది. ట్యాంకులన్నీ ఒకే తీరుగా ఉంటాయి, ఆ మాత్రం తెలియని వాణ్ని కాను. అయినా వీడియోను అక్కడే ఆపాను. అసలు ఈ కెమెరా ఎవరి విమానానిది? ఒక జెండా లేదు, ఒక మాట లేదు. గుర్తు వెనక నుంచి చూస్తున్నాం కాబట్టి మనదే అనుకున్నాం, అంతే కదా!

"ఏం చూస్తాన్నవ్?" వదిన నా వెనకే నిలబడి ఉంది.

"ఏం లేదు వదినా."

"ఏం లేకుంటే గక్కడ్నే ఎందుకు ఆపినవ్?"

ఫోన్ లాక్కుంది. ట్యాంకును చూసింది. ఉరికేవాళ్లను చూసింది. "గీ విమానం మనదేనా?" అని అడిగింది. ఫోన్ తీసుకోబోతే ఇవ్వలేదు. ఆ పూట మా ఇంట్లో మగ్గం ఆడలేదు.

మర్నాడు వాడే ఫోన్ చేశాడు. "అమ్మా, మంచిగున్న. ఇయ్యాల్టిదాక మా సార్లు ఫోన్లు గుంజుకొని వెట్టుకున్నరు. ఫికర్ చెయ్యకు."

వదిన ఏడ్చి, ముక్కు చీది, "బిడ్డా, ఒక వీడియో వచ్చిందిరా..." అని మొదలుపెట్టింది.

"లారీదా? గది పాతదమ్మా, వేరే ఏదో దేశంది. నమ్మకు," అన్నాడు వాడు.

హమ్మయ్య అనుకున్నారందరూ. నేనూ అనుకున్నాను. కాసేపే. ఆమె ఇంకా లారీ మాట ఎత్తనే లేదు. చేతిలో ఫోనే లేనివాడు ఆ వీడియో ఎప్పుడు చూశాడు?

కొన్ని నెలలకు సెలవు మీద వచ్చాడు. ఆటో దిగి గడప ఎక్కాడో లేదో, వదిన వాడి రెండు భుజాలు పట్టుకుని అటు తిప్పింది.

"నేనేమన్న చీరెనా అమ్మా?" అని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. అంగీ వెనకవైపు పైకెత్తింది. వీపు మీద అరచేయంత కాలిన మచ్చ. మానింది గానీ చర్మం ఇంకా ఎర్రగానే ఉంది.

"వంటకాడ నూనె వడ్డదమ్మా," అన్నాడు అటు తిరిగే.

నూనె వీపు మీద ఎట్లా పడుతుందిరా? ఆ మాట నా గొంతు దాకా వచ్చింది. వదిన నావైపు ఒక చూపు చూసింది. మింగేశాను.

"కాళ్లు కడుక్కో బిడ్డా, అన్నం వెడ్త," అంటూ అంగీ కిందికి దించింది. చెయ్యి మాత్రం వాడి వీపు మీది నుంచి తియ్యలేదు.