గుసగుస కట్టిన రాజు వేషం

నాటక సమాజంలో అతణ్ణి అందరూ ‘గుసగుస’ అనే పిలిచేవారు. పక్కతెర చాటున ముక్కాలిపీట మీద కూర్చుని, నటులు మరిచిపోయిన మాటను వాళ్ల చెవికి మాత్రమే చేరేలా అందించడం అతని పని. నటుడు ఊపిరి తీసే తీరును బట్టే మాట మరిచాడో, కావాలని ఆగాడో పసిగట్టేసేవాడు. పాపం, చప్పట్లు మాత్రం ఏనాడూ ఆ పీట దాకా వచ్చేవి కావు.

రాజు వేషం అతని అన్నయ్యది. తండ్రి పోయాక తమ్ముణ్ణి కంటికి రెప్పలా సాకి, చెయ్యిపట్టి సమాజంలో చేర్పించిందీ ఆయనే. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు. ఆ నాటకం మనందరికీ తెలిసిన రకమే. గద్దె మీద కన్నేసిన సేనాపతి, తనను నమ్మిన ప్రభువుకు విషం పెట్టి రాజవుతాడు, ఆఖరి అంకంలో తానూ కూలిపోతాడు. అన్నయ్య కట్టే ఆ సేనాపతి పాత్రను గుసగుస చీకట్లో కూర్చుని పెదవులతో ఆడుకునేవాడు. తనైతే ఇంకా బాగా చేస్తానన్న పురుగు ఎప్పుడు తొలవడం మొదలుపెట్టిందో అతనికే తెలియదు.

అన్నయ్యకు వయసు మీదపడి మరుపు వచ్చింది. తమ్ముడు అందిస్తున్నంత కాలం ఆ సంగతి ప్రేక్షకుల దాకా పోలేదు. కానీ దర్శకుడు కనిపెట్టాడు. గుసగుసను పక్కకు పిలిచి, “మీ అన్నయ్య ఒక్కసారి జనం ముందు తడబడ్డాడంటే ఆ వేషం నీదే. నాటకమంతా నీకు నోటికొచ్చు కదా,” అన్నాడు.

తర్వాతి ప్రదర్శనలో, పట్టాభిషేకం ఘట్టంలో, అన్నయ్య ఊపిరి మారింది. అందించాల్సిన మాట గుసగుస నాలుక చివరే ఉంది. ఆయన ఎప్పట్లాగే ధీమాగా తల కాస్త ఇటు వంచాడు. గుసగుస పెదవి కదపలేదు. ముందు ఒక ఈల, తర్వాత నవ్వులు, ఆపైన హాలంతా గోల. అన్నయ్య కిరీటం తీసేసి లోపలికి వచ్చేశాడు.

“నువ్వు చెప్పే ఉంటావురా. ఈ పాడు చెవులే పోయినట్టున్నాయి,” అన్నాడు.

గుసగుసకు నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం రాదు. “పోనీలే అన్నయ్యా, రేపు డాక్టరుకి చూపిద్దాం,” అన్నాడు మహానుభావుడు! ఆ రేపును రోజూ వాయిదా వేస్తూనే ఉన్నాడు.

రాజు వేషం కట్టాడు, చప్పట్లు మోగాయి. నాటకాలకు ఒక విధంగా దయ ఎక్కువ, ఆశపోతును చంపేసి తెర దించేస్తాయి. గుసగుసకు ఆ అదృష్టమూ లేదు. రంగు కడుక్కుని ఇంటికి పోవాలి, అన్నయ్య ఎదురుగా కూర్చుని ముద్ద మింగాలి.

చివరికి అన్నయ్య ఒక్కడే డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాడు.

“ఏమన్నాడండీ?” అంది వదిన ఆత్రంగా.

“చెవులకేం లేదట. బాగానే ఉన్నాయట.”

ఆవిడ సంబరపడుతూ వంటింట్లోకి వెళ్లింది. అన్నయ్య తమ్ముడి పక్కన కూలబడ్డాడు.

“నాకు కావాలన్నయ్యా అని ఒక్క మాట అంటే ఇచ్చేసేవాణ్ణి కదరా!”

గుసగుస చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అన్నయ్య చెయ్యి అతని భుజం దాకా వచ్చి ఆగిపోయింది.

మర్నాడు పొద్దున గుమ్మంలో ఇద్దరూ ఎదురుపడ్డారు. అన్నయ్య పక్కకు తప్పుకుని, కొత్తవాళ్లతో అన్నట్టు, “మీరు వెళ్లండి ముందు,” అన్నాడు.