లాగే కండకు వదలడమూ పనే

2022 వేసవి. సముద్రంలో చేపల వేట నిషేధం నడుస్తున్న రోజులు. మచిలీపట్నంలోని నా ఫిజియోథెరపీ క్లినిక్‌కి గిలకలదిండి నుంచి వీర్రాజు, ఆయన భార్య మంగమ్మ వచ్చారు. మణికట్టు విరిగి, కట్టు విప్పాక వీర్రాజు కుడి ముంజేయి సన్నబడింది. వేట మొదలయ్యేనాటికి వల తాడు లాగగలిగితేనే బోటు ఎక్కనిస్తానని బోటు యజమాని అయిన ఆయన బావ తేల్చి చెప్పాడట.

పిడికిలి బిగించి వదిలే వ్యాయామం నేర్పి, మెత్తని బంతి ఇచ్చి పంపాను. మళ్లీ వచ్చేసరికి ముంజేయి కర్రలా బిగుసుకుపోయింది. వేళ్లు తెరుచుకోవడమే కష్టంగా ఉంది.

"ఏం చేశారండీ?"

"బంతి పిల్లలాటండీ. తడి తాడు ముక్క పట్టుకుని కూర్చున్నాను."

"అన్నం దగ్గరా వదల్లేదండీ! నేనే ముద్దలు కలిపి పెట్టాను. పెళ్లయిన కొత్తలోనే లేదు ఈ ముచ్చట" అంది మంగమ్మ.

"పట్టు వదిలితే వల సముద్రం పాలేనండీ. మా అయ్య నేర్పిందదే" అన్నాడాయన.

కాగితం తీసి బొమ్మ గీశాను. కండలోని పోగును మైక్రోస్కోపు కింద చూస్తే అడ్డచారలు కనిపిస్తాయి. ఆ చారల మధ్య వరసగా ఉండే చిన్న గదుల పేరు సార్కోమియర్లు. ప్రతి గదిలో మందమైన మయోసిన్ పోగులు, వాటి పక్కనే సన్నని యాక్టిన్ పోగులు ఉంటాయి. నరం నుంచి కబురు రాగానే కాల్షియం విడుదలై, యాక్టిన్ మీద పట్టు దొరికే చోట్లు తెరుచుకుంటాయి. మయోసిన్ తలలు అక్కడ పట్టుకుని లాగుతాయి, వదులుతాయి, కాస్త అవతల మళ్లీ పట్టుకుంటాయి. ఈ రెండు రకాల పోగులూ పొట్టిగా మారవు. ఒకదాని పక్కన ఒకటి జరగడంతో కండ కురచవుతుంది.

"మా వల లాగినట్టేనండీ! తాడు కురచవదుగా, మేమే చేతులు మార్చుకుంటాం."

"చెయ్యి వదలకుండా ఎలా మారుస్తారు?"

వీర్రాజు గాల్లో తాడు లాగుతున్నట్టు చేతులు మార్చి చూసుకున్నాడు.

"ఆ తలలు వదలాలన్నా ఏటీపీ అనే ఇంధనం కావాలండీ. రోజంతా బిగించి ఉంచితే రక్తం సరిగా ఆడదు. కండ అలిసిపోతుంది."

"అయితే హైలెస్సా అన్నప్పుడు బిగించి, ఊపిరి పీల్చేటప్పుడు వదిలేస్తానండీ."

"పూర్తిగా తెరవాలి."

"నేను పక్కనే ఉండి తెరిపిస్తానుగా" అంది మంగమ్మ.

వేట తెరిచిన రోజున బావ తాడు అందించాడు. వీర్రాజు జట్టుతో కలిసి లాగి, బోటెక్కాడు. ఆ తర్వాత మంగమ్మ క్లినిక్‌కి పండుగప్ప చేప పట్టుకొచ్చింది.

"తాడు వదలడం వచ్చిందండీ. టీవీ రిమోటు వదలడమే ఇంకా రాలేదు!"

అప్పటి నుంచి చెయ్యి చూపించుకోవడానికి ఎవరొచ్చినా, ఎంత గట్టిగా బిగించగలరని ముందు అడగను. ఎంత తెరవగలరో చూపించమంటాను.