అమ్మమ్మ చెప్పనన్న డైలాగు

నా చిన్నప్పుడు సినిమాలో క్రైస్తవులు కనబడ్డారంటే చాలు, నాకు ఒళ్లు మండేది. మగవాడైతే మెడలో సిలువ, చేతిలో సీసా. ఆడదైతే పొట్టి గౌను, వచ్చీరాని తెలుగు. మా నాచారం చర్చికి వచ్చేవాళ్లేమో ఫ్యాక్టరీ కూలీలు. చెప్పులు గుమ్మం బయట విడిచి, ఆడవాళ్లు తలమీద కొంగు కప్పుకుని, చాపల మీద కూర్చునేవాళ్లు. మమ్మల్ని ఏ సినిమావాడు చూశాడు కనక?

అలాంటిది ఒకసారి సినిమావాళ్లే మా చర్చిలో షూటింగుకు వచ్చారు. జబ్బుపడ్డ కొడుకు కోసం తల్లి ప్రార్థన చేసే సీను. తల్లి వేషానికి మా అమ్మమ్మను అడిగారు. పక్కన మనవరాలిగా నేను. ఇంకేముంది, నా కాళ్లు నేలమీద నిలిస్తే ఒట్టు! బడిలో అందరికీ చెప్పేశాను.

ఇక వాళ్ల నిర్వాకం చూడాలి. చాపలు ఎత్తించి బెంచీలు వేశారు. పట్టపగలు గోడల పొడుగునా కొవ్వొత్తులు వెలిగించారు. అమ్మమ్మ నోరెత్తలేదు. ముఖం కనబడటంలేదని కొంగు తీయమన్నప్పుడు మాత్రం తీయనంది. ఎలాగో వాళ్లే తగ్గారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాత డైలాగు చదివి వినిపించారు. అమ్మమ్మ చేతులు జోడించగానే, బెంచీ మీద పడుకోబెట్టిన కొడుకు కళ్లు తెరుస్తాడు. అప్పుడామె కెమెరా వైపు తిరిగి, మనస్ఫూర్తిగా అడిగితే ప్రభువు కాదనడని చెప్పాలి.

అమ్మమ్మ లేచి నిలబడింది. ఆ ఏడే మా చిన్నమామ టైఫాయిడుతో పోయాడు. అతను మంచం పట్టినన్ని రోజులూ ఆమె మోకాళ్ల మీదే ఉంది.

"నా కొడుకు లేవలే సార్. అయినా మల్ల ఆదివారం వచ్చి గీడనే కూసున్న. గట్ల తీస్తరా?"

"అదెవరు చూస్తారమ్మా?" అని డైరెక్టరు నవ్వాడు.

"అయితే నాతోని గాదు," అని నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

దారి పొడుగునా ఏడ్చాను. మామ చచ్చిపోతే నా సినిమా ఎందుకు పోవాలని అరిచాను. ఎంత పాపిష్టి నోరు నాది! అమ్మమ్మ కొట్టలేదు. రోడ్డు పక్కన ఆగి నా ముఖం తుడిచింది.

"మామ కోసం నువ్వు గూడ ప్రార్థన జేసినవ్ గద బిడ్డా. మనస్ఫూర్తిగ జెయ్యలేదా? అయినా మామ లేవలే."

ఆ ప్రార్థన మధ్యలో నేను ఒకసారి నిద్రపోయాను. అందుకే మామ పోయాడని అప్పటిదాకా లోలోపల కుమిలిపోతూ వచ్చాను. ఆ సంగతి ఆమెకు ఎలా తెలిసిందో నాకు నేటికీ తెలియదు. ఆ రోడ్డు మీదే అమ్మమ్మను కరుచుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. సినిమా కోసం కాదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ప్రార్థన పూర్తికాకముందే రోగి లేచి కూర్చునే సినిమా వస్తే టీవీ కట్టేస్తాను. "ఏంది నానమ్మా, మంచిగనే ఉంది గద," అని మనవడు విసుక్కుంటాడు. మంచిగానే ఉంటుంది. కానీ దాన్ని చూసి, తను సరిగ్గా అడగనందుకే తనవాళ్లు పోయారని కుమిలే పిల్ల ఎక్కడో ఒకతి ఉంటుంది. ఆ పిల్ల కోసం కట్టేస్తాను.