నిమ్మకాయలు ముందు, ప్రయాణం వెనక్కి

ఆ రోజుల్లో నాకు ఇరవయ్యారేళ్ళు, ఒక ఎగుమతుల ఆఫీసులో ఉద్యోగం, పర్సులో కొత్త డ్రైవింగ్ లైసెన్సు, ముక్కు మీద కోపం. వీటిలో ఇప్పటికీ చెక్కుచెదరకుండా మిగిలింది చివరిదొక్కటేనని మా ఇంట్లోవాళ్ళు అంటారు. నాకు తెలియని విషయం లోకంలో ఏదైనా ఉందని ఎవరైనా అంటే ముందు వాళ్ళ మీద జాలి, ఆ వెనకే కోపం వచ్చేవి. తెలియనిది ఏదైనా ఫోన్లో వీడియో చూసి ఒక్క సాయంత్రంలో నేర్చేసుకోవచ్చని నా నమ్మకం. ఆ నమ్మకం మీదే ట్రైలర్ కొన్నాను.

ట్రైలర్ అంటే మీరు మరీ గొప్పగా ఊహించుకోకండి. పజుండౌంగ్ పేటలో మా సందు వెనకాల వెల్డింగ్ షాపు నడిపే కో జీ (బర్మా భాషలో పెద్దన్నయ్య, వీధి మొత్తానికీ ఆయన పెద్దన్నయ్యే) ఎవరో విదేశీయుడు చెప్తే కట్టాడు. పాత ట్రక్కు ఇరుసు, రెండు చక్రాలు, దానిమీద చెక్క గది, రేకు కప్పు, లోపల ఎదురెదురుగా రెండు బల్లలు, మూలన పొయ్యి పెట్టుకునే అర. ఆ విదేశీయుడు దాన్ని తీసుకెళ్ళకుండానే దేశం దాటి వెళ్ళిపోయాడు. ఏడాదిగా షాపు ముందు ఎండకి ఎండి వానకి తడుస్తున్న దాన్ని చూసి నా మనసు కరిగిపోయింది. (నా ఈడు పిల్లలకి మనుషుల మీద కరిగేది. ఎవరి రాత వాళ్ళది.)

నా చిన్న జపాన్ కారుకి దాన్ని తగిలించి సందులోకి తీసుకురావడం మహా తేలికైంది. కుక్కపిల్లలా వెనకాలే వచ్చింది. సందు చివర మా ఇంటి మెట్ల దగ్గర ఆపాను. ఆ తర్వాత గోడే, దారి లేదు. నాన్న మెట్లు దిగి వచ్చి, తలుపు తీసి, లోపలికి తొంగి చూశాడు.

"ఏటిది?"

"ట్రైలర్ నాన్నా. ఊరవతలకి లాక్కెళ్ళి, అక్కడే వండుకుని తిని, ఇందులోనే పడుకోవచ్చు. కేంపింగ్ అంటారు."

"నాను ముప్పై ఏళ్ళు అదే సేసినాను. అప్పుడు దానికి పేరు లేదు," అన్నాడు నాన్న.

అన్నది నిజమే. అహ్లోన్ రేవులో బియ్యం మిల్లుల బార్జీల మీద పనిచేసిన మనిషి. ముందు లాంచీ లాగుతుంటే, వెనక తాడు చివర ఇంజను లేని బార్జీ వస్తుంది. ఆ బార్జీ చుక్కాని నాన్నది. వండుకోవడం, తినడం, పడుకోవడం అన్నీ బస్తాల మీదే. పని మానేశాక నది ఒడ్డుకి షికారుకి పోదామన్నా వచ్చేవాడు కాదు. "కూలికైతే తప్పదు గానీ, ఇల్లుండగా బయట పడుకోడం కులాసాకి ఎవులైనా సేస్తారేటే?" అని నా మొహంలోకి చూసి, "సరే, దీన్ని బయటికెలగ తీస్తావు?" అని అడిగాడు.

అక్కడే నాకు ఒళ్ళు మండింది. "నేనే తీస్తాను. ఇంకొకరు చెయ్యి వెయ్యక్కర్లేదు. తియ్యలేకపోతే ఆ పూటే కో జీకి తిరిగిచ్చేసి, మళ్ళీ కేంపింగ్ మాట ఎత్తను!" అన్నాను. మెల్లగా అన్నానా? లేదు. సందు మొదట్లో టీకొట్టు నడిపే ఊలే (బాబాయి వరస పిలుపు) దాకా వినపడింది. మర్నాటి నుంచి నేను ఆఫీసుకి వెళ్తుంటే ఆయన బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళు టీ తాగడం ఆపి మరీ నా వంక చూసేవారు.

వారం రోజులు తయారీ. లిస్టు రాసి బీరువాకి అంటించాను: దోమల కాయిల్స్, టార్చిలు, తాళ్ళు, టార్పాలిన్ పట్టా, జ్వరం మాత్రలు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది, మా ఇంట్లో అమ్మ పెత్తనమంతా మామ్మదే. ఆ లిస్టు కింద నాతోనే మరికొన్ని రాయించింది: ఎండుచేపలు, చింతపండు, పచ్చడి నూరే రాయి, అయిదు వీసెల (ఎనిమిది కిలోల) బియ్యం.

"ముగ్గురం ఆడపిల్లలం, ఒక్క రాత్రి. అయిదు వీసెలెందుకే మామ్మా?"

"వానకి ఇరుక్కుపోతే?" అంది మామ్మ. ఆకాశం అద్దంలా ఉంది. ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు మా వంశంలో లేరు కనక బియ్యం ఎక్కించాను.

రాత్రుళ్ళు వీడియోలు చూశాను. పాము కనబడితే ఏం చెయ్యాలి, తడి కట్టెలతో మంట ఎలా వెయ్యాలి, అన్నీ చూశాను. 'ట్రైలర్‌ని వెనక్కి నడపడం ఎలా' అని కూడా ఒకటుంది. దాటేశాను. కారు వెనక్కి నడపడం నాకు వచ్చు కదా, తోక ఉన్నంత మాత్రాన మారిపోతుందా!

శనివారం పొద్దున్న ప్రయాణం. నగరానికి ఉత్తరాన నా ఆఫీసు స్నేహితురాలు ఫ్యూఫ్యూ పెద్దమ్మగారి మామిడితోటకి. దారిలో ఫ్యూఫ్యూనీ ఇంకో అమ్మాయినీ బస్టాపులో ఎక్కించుకోవాలి. తాళం తిప్పబోతుంటే మామ్మ అడ్డం వచ్చింది.

"ఒలే, ఇది బండా, ఇల్లా?"

నిజంగా చిక్కు ప్రశ్నే. బండైతే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి. ఇల్లైతే పాలు పొంగించాలి. మామ్మ కాసేపు ఆలోచించి రెండూ చేసింది. ట్రైలర్లో పొయ్యి వెలిగించి పాలు పొంగించింది. కారు చక్రాల ముందూ ట్రైలర్ చక్రాల ముందూ నిమ్మకాయలు పెట్టింది. "ఇయ్యి నలిగినాకే బయల్దేరాల," అని చెప్పి, పాలగిన్నె ఒళ్ళో పెట్టుకుని ట్రైలర్లో బల్ల మీద కూర్చుంది. పొంగిన పాలు చల్లారేదాకా కొత్తింట్లోంచి దిగకూడదట. అది శాస్త్రమో, అప్పటికప్పుడు పుట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు.

నిమ్మకాయలు ముందున్నాయి. నేను పోవలసింది వెనక్కి. చదువుకున్న పిల్లని కదా, నిమ్మకాయల్ని లెక్కచెయ్యకుండా రివర్సు వేశాను.

ట్రైలర్ కుడికి పోవాలని స్టీరింగు కుడికి తిప్పాను. అది ఎడమకి పోయింది. చెప్పిన మాట వినలేదేమో అని ఇంకాస్త కుడికి తిప్పాను. ఇంకాస్త ఎడమకి పోయింది. కోపం వచ్చి మొత్తం తిప్పేశాను. కారూ ట్రైలరూ మడత కత్తిలా ముడుచుకున్నాయి, ట్రైలర్ చక్రం మురుగుకాలవ అంచుకి చేరింది. లోపల్నుంచి "ఓలమ్మో, ఇల్లు ఒరిగిపోతన్నాది!" అని మామ్మ కేక.

సందు సందంతా బయటికి వచ్చింది. ఊలే బల్లలు వదిలేసి వచ్చాడు. హుక్కు ఊడదీసి చేత్తో తోసేద్దామని కో జీ ముందుకొచ్చాడు గానీ, హుక్కు మెలిపడి బిగుసుకుపోయింది. ఫోన్ మోగింది. ఫ్యూఫ్యూ.

"ఎక్కడున్నావ్?"

"బయలుదేరిపోయాను," అన్నాను. (అబద్ధం కాదు. ఆరడుగులు బయలుదేరాను.)

ట్రైలర్ పోతే పోనీ. సందులో ఇంతమంది ముందు, అన్నిటికంటే నాన్న ముందు ఓడిపోయానన్న మాట మింగుడుపడటం లేదు. "ఇచ్చేస్తాను, తీసుకుపో కో జీ," అనడానికి నోరు తెరిచాను కూడా.

అప్పుడు నా కిటికీ పక్కకి నాన్న వచ్చి నిలబడ్డాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, పెళ్ళిపందిరి చూడ్డానికి వచ్చిన పెద్దమనిషిలా. నాకు ఇంకా మండింది. ఇంత జరుగుతుంటే చెయ్యి వెయ్యకుండా చోద్యం చూస్తాడా!

"బళ్ళ సంగతి నాకు తెలీదు. నీళ్ళ సంగతయితే సెప్తాను. ఇంటావా?"

తల ఊపాను.

"ముందుకి లాగు. మెలిపడ్డ తాడు ముందు సాగాల."

ముందుకి లాగాను. ట్రైలర్ కాలవ అంచు వదిలి తిన్నగా వెనకాలకి వచ్చింది. మొదట నిలబెట్టిన చోటు దాటుతుంటే టప్, టప్ మని నిమ్మకాయలు నలిగాయి. "సెప్పినానా!" అంది మామ్మ లోపల్నుంచి.

"ఇప్పుడది స్టీరింగు కాదు, సుక్కాని కర్ర. కర్ర ఎడమకి తోస్తే పడవ కుడికి పోద్ది. నీ ఇల్లూ అంతే. రవ్వంత తిప్పి ఆగు. నీటిని తొందరపెట్టకు. తిరగడం మొదలెట్టినాదా, ఎంటనే కర్ర మల్లించు."

రవ్వంత తిప్పాను. ఆగాను. ఇల్లు మెల్లగా, బుద్ధిగా, నేను పొమ్మన్న వైపుకే తిరిగింది. మళ్ళించాను. "సాలు... ఎడమకి రవ్వ... సాలు." నాన్న నా కిటికీ పక్కనే నడుస్తూ వచ్చాడు, చేతులు అలాగే వెనక్కి. జనం గోడలకి అతుక్కుని దారిచ్చారు. ఊలే పరుగెత్తుకెళ్ళి తన ప్లాస్టిక్ స్టూళ్ళు లోపలికి లాక్కున్నాడు. ట్రైలర్ పెద్దరోడ్డు మీదికి పూర్తిగా వచ్చేసరికి నిమిషం పట్టిందో గంట పట్టిందో నాకు తెలియలేదు. గుండెల మీంచి బండ దించినట్టై, స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చేశాను.

"నాన్న చెప్తేనే కదా తీసింది, పందెం ఓడిపోయినట్టే!" అన్నాడు ఊలే నవ్వుతూ.

"నాను సేయి ఏసినానా? ఎయ్యలేదు కదా," అన్నాడు నాన్న. "పిల్లే తీసినాది." నువ్వూ రా నాన్నా అని బతిమాలాను. "నా కేంపింగు ఎప్పుడో అయిపోనాది. ఎల్లు," అని టీకొట్టులో కూర్చున్నాడు. టీ అందుకుంటుంటే ఎడమ మణికట్టు మీద ఎర్రగా నాలుగు గీతలు కనిపించాయి. దోమలు కుట్టి గోక్కున్నాడేమో అనుకున్నాను.

మామ్మ మాత్రం ట్రైలర్ దిగి, పాలగిన్నెతో సహా కారు ముందుసీట్లో ఎక్కింది. మేం తోట చేరిన గంటకి వాన పట్టింది. బురదలో ఇరుక్కుని మూడు రోజులు ఉన్నాం. నాలుగోరోజుకి బియ్యం గిద్దెడు మిగిలాయి. మామ్మ ఒక్క మాట కూడా అనలేదు, అంటే బాగుండేది.

ఇప్పుడు ట్రైలర్ ఊలే టీకొట్టు పక్కన సమోసాల బండిగా స్థిరపడింది. మొన్న ఆదివారం అదే సందులో మా అమ్మాయికి సైకిలు నేర్పించాను. సీటు వదిలెయ్యమని అది గొడవ. "నువ్వు పట్టుకోకు, నేనే తొక్కుతాను!" అని అరిచింది. (ఎవరి పోలికో నేను చెప్పను.) వదిలేశాను. అది వంకరటింకరగా మురుగుకాలవ వైపు పోతుంటే నా చేతులు వాటంతటవే ముందుకి లేచాయి. వెనక్కి కట్టుకున్నాను. కట్టుకుంటే ఆగితేనా! ఒక చేత్తో ఇంకో చేతిని ఒడిసి పట్టుకోవలసి వచ్చింది. సైకిలు కాలవ అంచున ఊగి, మళ్ళీ తిన్నగా అయ్యి, ఊలే స్టూళ్ళ దాకా పోయి ఆగింది. "చూశావా, నేనే!" అని కేక పెట్టింది. టీకొట్టులో కూర్చున్న నాన్న ఆ పిల్లని చూడలేదు, నన్ను చూసి నవ్వాడు. ఎందుకో అని చేతులు ముందుకి తెచ్చుకుని చూసుకున్నాను. ఎడమ మణికట్టు మీద ఎర్రగా నాలుగు వేళ్ళ గుర్తులు.